అపీరంథోస్‌లో రెండు రాత్రులు: నాక్సోస్ కొండల్లోని పాలరాతి ఊరికి ఎలా వెళ్ళాలి, వెళ్ళి ఎలా ఉండాలి

గ్రీసు దీవి అనగానే మనకు గుర్తొచ్చేది నీలి గుమ్మటాలు, సున్నం కొట్టిన గోడలు, పక్కనే సముద్రం. అపీరంథోస్ అలా ఉండదు. నాక్సోస్ దీవి నడిమధ్యన, ఫనారి కొండ వాలులో, సుమారు 600 మీటర్ల ఎత్తున బూడిదరంగు రాతి ఇళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. సందులన్నింటికీ పాలరాయి పరిచారు. స్నానానికి సముద్రం కావాలంటే కొండ దిగాలి. ఒకప్పుడు ఏజియన్ సముద్రంలో దొంగల ఓడలు తిరిగేవి కాబట్టి, తీరానికి దూరంగా ఊళ్ళు కట్టుకోవడం ఈ దీవుల్లో మామూలే.

మొదటిసారి నేను టూరిస్టు బస్సులో వెళ్ళాను. ఊరు చూడటానికి నలభై నిమిషాలు ఇచ్చారు. నాలుగు బొమ్మల దుకాణాలు, ఒక కాఫీ, బస్సు హారన్. ఊరు చూసినట్టే లేదు. రెండోసారి వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాను. సాయంత్రం ఆ బస్సులన్నీ దిగిపోయాక ఊరివాళ్ళు గుమ్మాల్లోకి కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు. అసలు ఊరు అప్పుడు మొదలవుతుంది. అందుకే కింద రాసిందంతా రాత్రి అక్కడే ఉండేవాళ్ళ కోసం. పగటిపూట చూసి వచ్చేద్దాం అనుకునేవాళ్ళకు ఇంత చదవాల్సిన పనిలేదు.

1. నెల ఎంచుకోవడం

మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. ఇవే మంచి రోజులు. మే నెలలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, సెప్టెంబరులో సముద్రం వెచ్చగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో ఒక్క మబ్బు ఉండదు, కానీ గాలి మాత్రం టోపీ ఉండనివ్వదు. అది ముదిరితే ఓడలు ఆగిపోతాయి. చలికాలంలో చాలా గదులు, భోజనశాలలు మూసేస్తారు.

ఒక మినహాయింపు ఉంది. ఆగస్టు 15 మేరీమాత పండుగ. అపీరంథోస్ పెద్ద గుడి ఆమెదే, పక్క ఊరు ఫిలోటిలోనూ ఆమెదే. ఏథెన్స్‌లో స్థిరపడ్డ ఊరివాళ్ళు సంక్రాంతికి మనవాళ్ళు వచ్చినట్టు వచ్చేస్తారు. వాయులీనం, లగూటో వాయిద్యాలతో తెల్లవార్లూ ఆట. ప్రశాంతత కోరి వెళ్ళేవాళ్ళు ఆ వారం తప్పించుకోవాలి. జనసందోహం ఇష్టమైతే మాత్రం గది నెలల ముందే చూసుకోవాలి.

2. కాగితాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. చివరిదాకా ఆగితే టెన్షనే. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, ఆ పైన దరఖాస్తు కేంద్రం సేవా రుసుము వేరు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. కారు నడపాలనుకుంటే మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్ళండి. అక్కడికి వెళ్ళాక ఏం చేయలేరు.

3. ఏథెన్స్ నుంచి దీవికి

హైదరాబాద్ నుంచి గల్ఫ్ నగరాల్లో ఎక్కడో ఒకచోట విమానం మారి ఏథెన్స్ చేరడం ఎక్కువమంది చేసే పని. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి చిన్న విమానం: ముప్పావుగంటలో నాక్సోస్‌లో దింపుతుంది, సీట్లు తక్కువ. రెండోది ఓడ. నా ఓటు ఓడకే.

విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు మెట్రో మూడో లైను నేరుగా వెళ్తుంది, దాదాపు గంట పడుతుంది. 2022 అక్టోబరుకు ముందు మధ్యలో మారాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ బాధ లేదు. మెట్రో లేని వేళ ఎక్స్96 బస్సు ఉంటుంది. పిరేయస్ చాలా పెద్ద రేవు. టికెట్ మీద ఓడ పేరుతో పాటు గేటు నంబరు కూడా చూసుకోండి, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడిస్తే చెమటలు పడతాయి. పెద్ద ఓడ అయిదు గంటలకు పైగా తీసుకుంటుంది, హైస్పీడ్ పడవ మూడున్నర, నాలుగు గంటల్లో చేరుస్తుంది. హైస్పీడ్‌లో డెక్కు మీద తిరగడానికి పెద్దగా ఉండదు, అల ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది. పెద్ద ఓడలో బయట కూర్చుని దీవులు ఒక్కొక్కటే వచ్చి వెనక్కి పోవడం చూడొచ్చు.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఓడ దీవి దగ్గర నిమిషాలే ఆగుతుంది. ప్రకటన వినగానే సామాను తీసుకుని కింద వాహనాల అంతస్తుకు వెళ్ళి నిలబడాలి. వెనక ఇనుప తలుపు దిగుతుంది, కార్లు, లారీలు, మనుషులు అందరూ ఒకేసారి బయటపడతారు. మన రైల్వే స్టేషన్లలో రెండు నిమిషాల హాల్టు అలవాటు ఉన్నవాళ్ళకు ఇది కొత్తేం కాదు.

రేవుకు ఎడమ పక్క చిన్న దిబ్బ మీద ఒంటరిగా నిలబడి కనిపించే పెద్ద పాలరాతి ద్వారం పేరు పోర్తారా. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి ఆపేసిన గుడి ద్వారబంధం అది. దాన్ని తిరుగు ప్రయాణానికి దాచుకోండి.

4. రేవు నుంచి కొండ మీదికి

దీవి ముఖ్యపట్నాన్ని హోరా అంటారు. ఊళ్ళ బస్సులు రేవు పక్క నుంచే బయల్దేరతాయి. హల్కి, ఫిలోటి మీదుగా అపీరంథోస్ వెళ్ళే బస్సు ఎక్కాలి. 27 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, మలుపుల వల్ల గంట పడుతుంది. టికెట్ ముందే కొనుక్కోవాలి. వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ఆదివారం సర్వీసులు తగ్గుతాయి. కాబట్టి స్టేషన్‌లో అంటించిన కాగితాన్ని ఆ రోజే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, రాను బస్సులవీ పోను బస్సులవీ రెండూ.

కారు అద్దెకు తీసుకుంటే పక్క ఊళ్ళు తిరగడం తేలిక. కానీ అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి, మలుపు తిరిగితే మేకల మంద ఎదురవుతుంది, చాలా చోట్ల అంచున గోడ ఉండదు. కొత్తగా కుడివైపు నడిపేవాళ్ళకు మొదటి రోజు ఇదంతా వద్దు. పెట్రోలు, నగదు రెండూ హోరాలోనే నింపుకోండి. కార్డులు దాదాపు అన్ని చోట్లా తీసుకుంటారు, అయినా కొండ మీద చేతిలో ఓ వంద యూరోలు ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది.

బస్సు ఊరి మొదట్లో ఆగుతుంది. లోపలికి బండ్లు పోవు, సందుల్లో మెట్లు. చక్రాల సూట్‌కేసు ఆ పాలరాతి మెట్ల మీద లాగుతుంటే ఊరంతా నిద్రలేస్తుంది. పెద్ద సామాను హోరాలో వదిలేసి వీపు సంచితో రావడం మేలు. చెప్పుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: ఏళ్ళ తరబడి నడిచి నడిచి ఆ రాయి అద్దంలా నునుపెక్కింది. చినుకు పడితే జారుడుబల్లే. పట్టున్న అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. ఎత్తు కాబట్టి జూన్‌లోనైనా రాత్రి చలిగాలి ఉంటుంది, శాలువా ఒకటి పెట్టుకోండి.

5. గదిలో తెలిసి ఉండాల్సినవి

గ్రీసులో చాలా చోట్ల మురుగు గొట్టాలు సన్నం. టాయిలెట్ పేపరు కమోడ్‌లో వేయకూడదు, పక్కన ఉన్న బుట్టలో వేయాలి. మనకు పేపరే అలవాటు లేదు కాబట్టి బాధ లేదు అనుకోకండి, అక్కడ నీళ్ళ గొట్టం ఉండదు. చిన్న మగ్గు సంచిలో వేసుకోండి. ఇది చదివి నవ్వుకున్నవాళ్ళే తర్వాత నాకు థ్యాంక్స్ చెప్పారు.

దీవిలో నీటికి ఎప్పుడూ కటకటే, స్నానం పొదుపుగా. తాగే నీళ్ళ గురించి ఇంటివాళ్ళను అడగండి.

6. ఊరి గడియారానికి అలవాటు పడటం

నా లెక్కలో ఈ ఒక్క పని నేర్చుకుంటే మిగిలినవన్నీ వాటంతట అవే వస్తాయి.

పొద్దున్నే ఏడింటికి లేవండి. ఆ వేళ సందుల్లో చీపుర్ల చప్పుడు, రొట్టెల వాసన, పిల్లులు. రెండు గంటల పాటు ఊరు మీదే. పదకొండు దాటాక బస్సులు వస్తాయి, అప్పుడు మీరు ఊరు వదిలి నడకకు వెళ్ళిపోవాలి. మధ్యాహ్నం రెండున్నర, మూడు నుంచి దుకాణాలు మూసి అందరూ కునుకు తీస్తారు. వేసవిలో 3 నుంచి 5:30 దాకా శబ్దం చేయకూడదన్నది అక్కడ మర్యాదే కాదు, నిబంధన కూడా. ఫోన్‌లో స్పీకర్ పెట్టి ఇంటికి వీడియో కాల్ చేయడానికి అది వేళ కాదు. రాతి సందులో మాట రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. మీరూ పడుకోండి. ఆరింటికి మళ్ళీ తలుపులు తెరుచుకుంటాయి. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు ఎవరూ తలపెట్టరు. ఏడింటికే భోజనశాలకు వెళ్ళి కూర్చుంటే వంట ఇంకా పొయ్యి మీదే ఉంటుంది.

సందులో ఎదురైనవాళ్ళను ముందుగా పలకరించాల్సింది వచ్చినవాళ్ళే. పొద్దున 'కలిమేరా', సాయంత్రం 'కలిస్పేరా', ఎప్పుడైనా 'యాసస్'. థ్యాంక్స్‌కు 'ఎఫ్హరిస్తో'. ఒక తిరకాసు: 'నే' అంటే అవును. మొదటి రోజు 'గది ఉందా' అని అడిగితే 'నే' అన్నారు, అది 'నో' అనుకుని నేను వెనక్కి తిరిగాను. కాదు అనడానికి 'ఓహి' అంటారు, లేదా గడ్డం కాస్త పైకెత్తి ప్చ్ అంటారు, అంతే. ఆ ప్చ్ మనకు తెలిసినదే కాబట్టి ఇబ్బంది లేదు.

ఊరివాళ్ళు తమ ఊరిని అపెరాథు అంటారు. ఆ పేరు మీ నోట వింటే ముఖాలు వెలుగుతాయి. వీళ్ళ మాటలో క్రీటు దీవి యాస ఉందని, పూర్వీకులు అక్కడి నుంచే వచ్చారని చెప్పుకుంటారు. రెండు పాదాల ప్రాసల్లో అప్పటికప్పుడు పాట కట్టి ఎదుటివాడికి విసరడం ఇక్కడి విద్య, వాటిని కొత్సాకియా అంటారు. ఒకరు అంటే ఇంకొకరు అందుకుంటారు. మన ఆశుకవిత్వం, జట్టు కట్టి పాడుకునే సంవాదాలు తెలిసినవాళ్ళకు అర్థం తెలియకపోయినా ఊపు తెలుస్తుంది. పెళ్ళిళ్ళలో, పండుగల్లో వినాలి, అడిగి పాడించుకునేది కాదు.

7. కాఫీ దుకాణంలో కూర్చోవడం

కఫెనియో అంటే కాఫీ దొరికే రచ్చబండ. రాజకీయాలు, ఆలివ్ ధరలు, ఎవరి మేక ఎవరి చేలో పడింది, అన్నీ అక్కడే. గ్రీకు కాఫీ అడిగేటప్పుడే చక్కెర సంగతి చెప్పాలి, ఎందుకంటే పొడితో పాటే మరిగిస్తారు. 'స్కేతో' అంటే చక్కెర లేకుండా, 'మెత్రియో' మధ్యస్థంగా, 'గ్లీకో' తియ్యగా. అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుక్క వదిలేయాలి. ఒక కప్పుతో గంటన్నర కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు. మీరు అడగకముందే బిల్లు తేవడం అక్కడ మర్యాద కాదు.

ఎవరైనా పెద్దాయన మీ కాఫీకి డబ్బు కట్టేస్తే, వద్దండీ అని పర్సు తీయకండి. దాన్ని కేరస్మా అంటారు. చేయి గుండె మీద పెట్టి ఎఫ్హరిస్తో అంటే చాలు.

8. శాకాహారులు ఏం తినాలి

కొండ ఊళ్ళు మాంసానికి పేరు, వెల్లుల్లి, టమాటా, వైను వేసి వండే పంది మాంసం రోస్తో ఇక్కడి ప్రత్యేకత. అయినా శాకాహారి ఆకలితో ఉండాల్సిన పనిలేదు. నాక్సోస్ బంగాళాదుంప గ్రీసంతటా ప్రసిద్ధి, ఫ్రైస్ అడిగితే ఎక్కువ చోట్ల అక్కడే తరిగి వేయిస్తారు. గ్రవియేరా, ఘాటైన అర్సెనికో, పుల్లటి మిజిత్ర, అన్నీ దీవి చీజులే. ఆకుకూరలు ఉడికించి నిమ్మరసం, ఆలివ్ నూనె పోసిన హోర్తా మన పప్పులోకి బ్రహ్మాండంగా కుదిరేది. అపీరంథోస్‌లో తప్పకుండా అడగాల్సింది సెఫుక్లోటి. పాలకూరకు దగ్గరి రుచి ఉన్న ఒక ఆకుకూరను సోంపు ఆకు, ఉల్లి, బియ్యంతో కలిపి పిండి పొరలో పెట్టి కాల్చిన రొట్టె అది.

అడిగేటప్పుడు 'ఇమే హోర్తోఫాగోస్' అంటే నేను శాకాహారిని అని. ఇంకో మాట తెలిసి ఉండాలి: నిస్తీసిమో, అంటే ఉపవాస వంట. ఆర్థోడాక్స్ క్రైస్తవులు ఈస్టర్ ముందు, ఆగస్టు 1 నుంచి 14 దాకా, బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్డు, పాలు మానేస్తారు. కాబట్టి ఈ మాట వంటవాళ్ళకు చక్కగా అర్థమవుతుంది. కానీ రొయ్య, ఆక్టోపస్ ఆ ఉపవాసంలో చెల్లుతాయి! అవి కూడా వద్దని విడిగా చెప్పాలి. కూరిన టమాటాలు, మిరపకాయల్లో బియ్యంతో పాటు కైమా ఉండొచ్చు, అడక్కుండా నోట పెట్టకండి.

9. ఊళ్ళో చూడాల్సినవి, ఒక వరసలో

ఊరి మొదట్లో కొండరాయి మీద కట్టిన జెవ్‌గోలి బురుజు కనిపిస్తుంది. 1207 నుంచి వెనిస్ దొరలు నాక్సోస్‌ను ఏలారు, వాళ్ళ హయాంలో మొదలైన బురుజుల సంప్రదాయం దీవంతా కనిపిస్తుంది. అక్కడి నుంచి ముఖ్యమైన సందులోకి దిగితే చిన్న చిన్న ప్రదర్శనశాలలు. ఒక్క రెంటికే సమయం ఉంటే పురావస్తుశాల, భూగర్భశాల చూడండి. మొదటిదాంట్లో నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి పాలరాతి పలకలు ఉన్నాయి. రాతి మీద మొనతో పొడిచి మనుషులను, జంతువులను, పడవలను గీశారు. ఊరి పిల్లాడు గోడ మీద బొగ్గుతో గీసినంత సాదాగా ఉంటాయి. హోరా కోటలోని మ్యూజియంలో నున్నగా చెక్కిన పాలరాతి బొమ్మల కంటే నాకు ఇవే నచ్చాయి.

భూగర్భశాల ఎందుకంటే, ఈ ఊరి చరిత్ర ఒక నల్లరాయి చరిత్ర. దాని పేరు ఎమెరీ. మన వడ్రంగులు, మెకానిక్కులు వాడే ఎమెరీ కాగితం పేరు ఈ రాయిదే. అపీరంథోస్, కొరోనోస్ ఊళ్ళ కుటుంబాలకు దీన్ని తవ్వుకునే హక్కు తరతరాలుగా ఉంది. 1920ల్లో గనుల నుంచి ముత్సూనా రేవు దాకా కొండల మీదుగా ఇనుప తీగల దారి వేశారు, బకెట్లలో రాయి గాలిలో వేలాడుతూ సముద్రానికి వెళ్ళేది. కృత్రిమ రాపిడి పొడులు వచ్చాక గిరాకీ పడిపోయింది. ఆ స్తంభాలు, తుప్పు పట్టిన బకెట్లు ముత్సూనా దారిలో ఇప్పటికీ ఉన్నాయి. కారు ఉంటే తప్పకుండా ఆ దారిలో దిగండి. పాత గని గుహల్లోకి మాత్రం ఒంటరిగా దూరకండి.

మనోలిస్ గ్లెజోస్ పేరు ఊళ్ళో పదే పదే వినిపిస్తుంది. 1922లో ఇక్కడే పుట్టాడు. 1941 మే 30 రాత్రి, స్నేహితుడు అపోస్తొలోస్ సాంతాస్‌తో కలిసి ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ ఎక్కి నాజీ జెండా పీకేశాడు. అప్పటికి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. 1980ల్లో సొంత ఊరికి అధ్యక్షుడై, ఊరి నిర్ణయాలు ఊరందరూ కూర్చుని తీసుకునే పద్ధతి తెచ్చే ప్రయత్నం చేశాడు. 2020లో పోయాడు. నాజీలు కాల్చి చంపిన తమ్ముడు నికోస్ పేరున ఊళ్ళో గ్రంథాలయం ఉంది.

గుడుల్లోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చెప్పులు విప్పనక్కర్లేదు, నేను అలవాటు కొద్దీ విప్పి చల్లటి రాతి మీద నిలబడితే ముసలమ్మ ఒకామె నా కాళ్ళకేసి చూసి కంగారు పడింది. పెట్టెలో నాణెం వేసి సన్నటి మైనపు వత్తి వెలిగించవచ్చు. పటాల తెర వెనక్కి మాత్రం వెళ్ళకూడదు, మన గర్భగుడి లాంటిదే.

10. ఊరి చుట్టూ నడక

బస్సులు వచ్చే వేళకు బయటికి వెళ్ళమన్నాను కదా, ఎక్కడికంటే మూడు చోట్లు.

అగియా కిరియాకి అనే చిన్న గుడి ఊరి నుంచి గంట పైచిలుకు నడక, కారు దారి లేదు. క్రైస్తవంలో దేవుడి రూపం గీయవచ్చా వద్దా అన్న గొడవ ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో సాగింది. ఆ కాలపు గుడి కాబట్టి గోడల మీద దేవతలకు బదులు మెడకు రిబ్బన్లు కట్టిన పక్షులు! సాధారణంగా తాళం ఉంటుంది, ముందురోజే ఊళ్ళో అడిగి పెట్టుకోండి.

జాస్ కొండ 1,004 మీటర్లు, నాక్సోస్ ఉన్న సైక్లడీస్ దీవుల గుంపు అంతటిలో ఎత్తయినది. గ్రీకు పురాణాల్లో దేవతల రాజు జ్యూస్ పెరిగింది ఇక్కడే అంటారు. ఫిలోటి దాటాక అగియా మరీనా గుడి దగ్గర దారి మొదలవుతుంది, గంటన్నరలో ఎక్కొచ్చు. పైన నీడ లేదు, నీళ్ళు లేవు, ఒక్కొక్కరికి రెండు లీటర్లు మోయాలి. గాలి ఎక్కువ ఉన్న రోజు ఎక్కకండి. దారిలో మేకల కోసం పెట్టిన తడికలు తెరిస్తే మళ్ళీ మూసి రావాలి.

హల్కి బస్సు దారిలోనే ఉంది. అక్కడి వల్లిండ్రాస్ కుటుంబం 1896 నుంచి కిత్రో అనే సారా తీస్తోంది. దబ్బ జాతి చెట్టు ఆకుల నుంచి తీసే సారా అది, మనం కాయను ఊరగాయ పెట్టుకుంటే వాళ్ళు ఆకును బట్టీ పెట్టారు. ఆకుపచ్చది తియ్యగా తేలికగా ఉంటుంది, పసుపుది ఘాటు. తాగకపోయినా ఆ పాత రాగి బట్టీ చూడొచ్చు.

నడకకు వెళ్ళేముందు ఏ దారిన పోతున్నారో గది వాళ్ళకు చెప్పండి. ఆపద వస్తే ఫోన్ 112.

11. తిరిగి రావడం

విమానం ఉన్న రోజే ఓడ ఎక్కాలని పెట్టుకోకండి. గాలి బోఫోర్ట్ కొలతలో 8, 9 దగ్గరికి వస్తే రేవు అధికారులు ఓడలు ఆపేస్తారు, చిన్నవాటిని అంతకు ముందే ఆపుతారు. ఒకరోజు ముందే ఏథెన్స్ చేరి ఉండాలి. ఓడ ఆగిపోతే టికెట్ డబ్బు వాపసు గానీ, తర్వాతి ఓడలో చోటు గానీ ఇస్తారు, కానీ పోయిన విమానం తిరిగి రాదు.

ఊరి నుంచి చివరి రోజు మధ్యాహ్నపు బస్సు పట్టుకుని హోరాకు దిగి, సామాను రేవు దగ్గర పెట్టి పోర్తారా దాకా నడవండి, పది నిమిషాలే. సూర్యాస్తమయం చూడటానికి జనం బాగానే వస్తారు, ఇప్పుడు జనం ఉన్నా చికాకు పుట్టదు. గదికి డబ్బు ముందురోజే కట్టేయండి, పొద్దున్నే లేపి లెక్కలు చూడమంటే ఎవరికీ బాగోదు. తాళంచెవి ఏం చేయాలని మా ఇంటామెను అడిగితే, గుమ్మం పక్కనున్న తులసి లాంటి వాసిలికో మొక్క కుండీ చూపించింది.